ఊరి ప్రభుత్వ బడి: ఇద్దరు పిల్లల్ని చదివించాక నా మాట

మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర పల్లె. పాప, బాబు ఇద్దరూ ఒకటి నుంచి ఐదు దాకా ఊరి బడిలోనే చదివారు. పిల్లల్ని ఎక్కడ చేర్చాలా అని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

2019లో ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదలయ్యాక మా బడికి మరుగుదొడ్లు, మంచినీళ్లు, కొత్త బల్లలు వచ్చాయి. మధ్యాహ్నం భోజనం, గుడ్డు, చిక్కీ, రాగిజావ ఉన్నాయి. పైడిభీమవరం కంపెనీలకు పొద్దున్నే డ్యూటీకి పోయే అమ్మానాన్నలకు ఇది చిన్న విషయం కాదు.

లోటంతా టీచర్ల దగ్గరే. విద్యాహక్కు చట్టంలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. పిల్లల్ని లెక్కపెడతారు గానీ తరగతుల్ని కాదు. అంటే ఐదు తరగతులకూ ఆ ఇద్దరే. ఒకరు ట్రైనింగ్‌కి వెళ్తే మిగిలేది ఒక్కరు. పైగా హాజరు, భోజనం వివరాలు ఫోన్‌లో ఎక్కించే పనీ వాళ్లదే. మేస్టారు రెండో తరగతికి పాఠం చెప్తుంటే నాలుగో తరగతి పిల్లలు బోర్డు చూసి ఎక్కించుకుంటూ కూర్చుంటారు.

దీని ఫలితం ఇంట్లో వెంటనే తెలియదు. మూడో తరగతిలో మా బాబు నోట్సు నిండుగా, అందంగా ఉండేది. అందులోంచే ఒక వాక్యం చదవమంటే ఒత్తు దగ్గర ఆగిపోయేవాడు. ఇది పట్టుకున్నది మేడం గారే. వాడితో పాటు ఇంకొందరిని సాయంత్రం అరగంట ఉంచి, ఒకటో తరగతి పుస్తకం మళ్లీ తెరిపించి, ఒక్కొక్కరి చేత పైకి చదివించారు. ఏడాది తిరిగేసరికి వాడు తనంతట తాను కథలు చదివే స్థాయికి వచ్చాడు. అలాంటి అరగంట ఆమె ఓపిక మీద కాకుండా టైంటేబుల్‌లోనే ఉండాలి.

తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు 2025లో వచ్చాయి. మంచి నిర్ణయం. కానీ మాలాంటి చిన్న ఊళ్లకు అంతమంది పిల్లలు లేరు. టీచర్లు చాలరని కొందరు ప్రైవేటు వ్యాన్ ఎక్కిస్తారు, పిల్లలు తగ్గారని ఇంకో టీచర్ రారు. ముందు టీచర్‌ని ఇస్తేనే ఇది ఆగుతుంది. ఫోన్ పనులకు మరో మనిషిని పెట్టినా చాలా సమయం మిగులుతుంది.

నన్నడిగితే చేర్చమనే చెప్తాను. తల్లిదండ్రుల కమిటీ మీటింగుకు తప్పకుండా వెళ్లండి. రంగులు, యూనిఫాంల కంటే ముందు, మూడో తరగతిలో ఎంతమంది తడుముకోకుండా చదువుతున్నారో అడగండి. ఇంట్లో నోట్సు చూసి సరిపెట్టుకోకుండా రోజూ ఒక పేజీ పైకి చదివించుకోండి.