ఒక్క మాటలో హీరో: హన్మకొండ ట్రాజెడీ నోట్సు కొనొచ్చా?

హన్మకొండలో కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్ రోడ్డు చుట్టుపక్కల జిరాక్స్ సెంటర్లలో ఎంఏ ఇంగ్లిష్ వాళ్లకు, లెక్చరర్ ఉద్యోగాల కోసం రాసే నెట్, సెట్, జేఎల్ పరీక్షలకు తయారయ్యేవాళ్లకు అమ్మే కట్టల్లో ఈ ట్రాజెడీ (విషాదాంత నాటకం) నోట్సు ఒకటి. అట్ట మీద పేరు లేదు, రాసిందెవరో అసలే లేదు. "అన్నా, ట్రాజెడీ నోట్సు ఉన్నదా" అంటే లోపలి అరలోంచి తీసి ఇస్తారు. ఏ4 సైజు, బ్యాక్ టు బ్యాక్ ప్రింటు, 96 పేజీలు, స్పైరల్ బైండింగ్, రూ.120. అరిస్టాటిల్‌కు 14 పేజీలు, గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్‌కు 22, షేక్‌స్పియర్ నాలుగు నాటకాలకు 46, ఆధునిక ట్రాజెడీకి 9, భారతీయ నాటకానికి 4, చివరి పేజీలో ఒక పట్టిక. ఈ నోట్సు అమ్ముడుపోయేది ఆ పట్టిక వల్లే, దీనితో వచ్చిన చిక్కు కూడా అదే.

పట్టికలో ఎడమవైపు హీరో, కుడివైపు దోషం. ఈడిపస్: గర్వం. క్రియాన్: మొండితనం. మాక్‌బెత్: అత్యాశ. ఒథెల్లో: అనుమానం. హామ్లెట్: జాప్యం. లియర్: పొగడ్తలకు లొంగడం. నెట్‌లో 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు, నెగెటివ్ మార్కుల్లేవు. అక్కడ జతపరచమనే ప్రశ్న వస్తే ఈ పేజీ పనికొస్తుంది. ఎస్సే ప్రశ్నకు ఇదే తీసుకెళ్లి రాస్తే మాత్రం జవాబు మొదటి పేరాలోనే అయిపోతుంది. "మాక్‌బెత్‌కు అత్యాశ ఎక్కువ, అందుకే చెడిపోయాడు" అన్నాక మిగతా మూడు పేజీలు కథ చెప్పడం తప్ప దారి ఉండదు.

తప్పు మొదలైంది అరిస్టాటిల్ భాగంలో. ట్రాజెడీ నిర్వచనం, ఆరు అంగాలు (కథ, పాత్ర, ఆలోచన, మాట, పాట, దృశ్యం) బాగానే ఉన్నాయి. హీరో పడిపోవడానికి కారణంగా అరిస్టాటిల్ చెప్పిన హమార్షియా దగ్గరికి వచ్చేసరికి "విషాద దోషం" అని రాసి కింద రెండు గీతలు గీశారు. ఆ గ్రీకు మాటకు మూలమైన క్రియ విలుకాడి బాణం గురి తప్పడాన్ని కూడా చెబుతుంది. తెలుగులో దీనికి ఎక్కడా వెతకనక్కర్లేదు, "గురి తప్పింది" అని రోజూ అనేదే. దోషం మనిషిలో ఉంటుంది, గురి తప్పడం మనిషి చేసే పనిలో ఉంటుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే నోట్సులో సగం పేజీలు వేరేగా కనబడతాయి. అరిస్టాటిల్ పుస్తకం పొయెటిక్స్ 13వ అధ్యాయంలో ఉన్నది ఇంతే: మరీ ధర్మాత్ముడు కాదు, దుర్మార్గుడూ కాదు, పేరూ సిరీ ఉన్నవాడు, ఏదో ఒక హమార్షియా వల్ల పడిపోతాడు. ఉదాహరణలు ఈడిపస్, థైయెస్టిస్. నోట్సులో రెండో పేరు థీసియస్ అని పడింది. అతను వేరే రాజు, పెన్నుతో దిద్దుకోండి.

ఇదే భాగంలో దిద్దుకోవాల్సినవి ఇంకా రెండున్నాయి. హ్యూబ్రిస్ (మామూలుగా గర్వం అని చెప్పేది) అరిస్టాటిల్ చెప్పిన ట్రాజిక్ లక్షణమని 9వ పేజీ అంటుంది. ట్రాజెడీ హీరోకు అది ఉండాలని పొయెటిక్స్‌లో ఎక్కడా లేదు. ఆయన దాన్ని వివరించింది వక్తృత్వం మీద రాసిన రెటరిక్ రెండో భాగంలో, అక్కడి అర్థం ఉట్టి గర్వం కాదు, తన సంతోషం కోసం ఎదుటివాణ్ణి అవమానించడం. 12వ పేజీలో మూడు ఐక్యతలనూ (కథ, కాలం, స్థలం) అరిస్టాటిల్ ఖాతాలోనే వేశారు. ఆయన పట్టుబట్టింది కథలో ఐక్యత ఒక్కదానికే. కాలం గురించి 5వ అధ్యాయంలో, ట్రాజెడీ వీలైనంతవరకు సూర్యుడి ఒక్క చుట్టులో ముగియాలని చూస్తుందని అన్నాడు. స్థలం ఊసే లేదు, దాన్ని నియమంగా చేర్చింది 1570లో ఇటలీ వ్యాఖ్యాత కాస్టెల్వెట్రో. క్యాథార్సిస్‌కు (జాలి, భయం కలిగించి మనసును తేలిక చేయడం అని చెప్పేది) నాలుగు పేజీలు ఎక్కువ. నిర్వచనంలో ఆ మాట ఒక్కసారే వస్తుంది, వివరణ ఇవ్వకుండానే ఆయన ముందుకెళ్లాడు.

ఈడిపస్ భాగాన్ని నోట్సు కోపం, గర్వంతో నింపేసింది. కానీ తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడటం రెండూ తెర లేవకముందే జరిగిపోయాయి. తండ్రి పోయిన కొట్లాటలో, మూడు దారులు కలిసేచోట ముందు నెట్టింది, ముల్లుగర్రతో నెత్తి మీద కొట్టింది ఎదుటి బండివాళ్లే. అసలు అతను కోరింత్ వదిలిందే తండ్రి మీద చెయ్యి పడకూడదని. పొరపాటు ఎక్కడంటే, తనను పెంచిన కోరింత్ రాజు పాలిబస్ తన కన్నతండ్రి అనుకోవడంలో. ఒక తాగుబోతు విందులో "నువ్వు ఆయన కొడుకువి కావు" అన్నా, డెల్ఫీ గుడికి వెళ్లి దేవుణ్ణి అడిగినా ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు, తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావన్న వేరే భయం దొరికింది. ఎస్సే రాసేటప్పుడు మూడు విషయాలు ఈ వరుసలో పెట్టండి: అతను ఏం నమ్మాడు, ఆ నమ్మకంతో ఏం చేశాడు, నిజం ఏ సీనులో బయటపడింది. మూడోదానికి కోరింత్ దూత సీను చాలు. మంచి కబురు చెప్పి భయం పోగొడదామని వచ్చినవాడి మాటే, పాలిబస్ నీ కన్నతండ్రి కాదన్న మాటే, కొంప ముంచుతుంది. అరిస్టాటిల్ 11వ అధ్యాయంలో తలకిందుల మలుపుకు ఇచ్చిన ఉదాహరణ సరిగ్గా ఇదే, నోట్సు దాన్ని ఒక్క లైనులో దాటేసింది. ఈ తప్పు హన్మకొండకే పరిమితం కాదు. ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ డాడ్స్ 1966లో ఈ నాటకాన్ని ఎలా తప్పుగా చదువుతారో ఒక వ్యాసం రాశాడు, దాన్ని మొదలుపెట్టిందే విద్యార్థుల పరీక్ష జవాబులతో.

యాంటిగనీ భాగం నోట్సులో అన్నిటికన్నా చిన్నది, నాటకం మాత్రం అలా తేలిపోయేది కాదు. సోదరుడు పాలినైసిస్ శవాన్ని పూడ్చకూడదన్న రాజు క్రియాన్ ఆజ్ఞను యాంటిగనీ మీరుతుంది, అతను ఆమెను గుహలో మూయిస్తాడు. క్రియాన్‌కు మొండితనం ఉన్న మాట నిజమే. కానీ గుడ్డి జోస్యుడు టైరీసియస్ వచ్చి వెళ్లాక అతను మొండితనం వదిలేస్తాడు, విషాదం జరిగేది ఆ తర్వాతే. ముందు అమ్మాయిని గుహలోంచి విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టించు అని కోరస్ (నాటకంలోని ఊరి పెద్దల బృందం) చెప్పింది. అతను వరుస తిప్పాడు. పాలినైసిస్ శవాన్ని కడిగి, కాల్చి, మట్టి దిబ్బ కట్టించి అప్పుడు గుహకు వెళ్లాడు. అప్పటికి యాంటిగనీ ఉరేసుకుంది. పట్టికలోని "మొండితనం" కొట్టేసి "వరుస తప్పాడు" అని రాసుకుంటే ఆ ఒక్క ముక్క చుట్టూ రెండు పేజీల జవాబు వస్తుంది. ఇంకొకటి, ఈడిపస్ రెక్స్, ఈడిపస్ ఎట్ కొలోనస్, యాంటిగనీ మూడూ కలిపి ఒక "ట్రిలజీ" (వరుసగా రాసిన మూడు నాటకాల కట్ట) అని నోట్సు అంటుంది. కాదు. కథలో చివర వచ్చే యాంటిగనీ మొదట రాసింది, సుమారు క్రీ.పూ. 441లో. ఈడిపస్ రెక్స్ ఆ తర్వాతది. ఈడిపస్ ఎట్ కొలోనస్‌ను సోఫోక్లిస్ క్రీ.పూ. 406లో పోయాక, 401లో ఆడించారు. కాలక్రమం అడిగే ప్రశ్నలో కథ వరుస పెట్టి మార్కు పోగొట్టుకునేది ఇక్కడే.

షేక్‌స్పియర్ పేజీల్లో సీన్ల సారాంశం నమ్మకంగా ఉంది, అంకం, సీను నంబర్లు సరిపోయాయి. నాటకాలు వచ్చిన వరుస మాత్రం తప్పు. మామూలుగా ఒప్పుకునేది హామ్లెట్, ఒథెల్లో, కింగ్ లియర్, మాక్‌బెత్. ఇక "దోషాల" సంగతి. మాక్‌బెత్ తన అత్యాశ గురించి చెప్పే మాటను (1వ అంకం, 7వ సీను) నోట్సు సగానికి కోసింది. దానికి ముందు అతను చెప్పేది, తన ఉద్దేశాన్ని పొడిచి తోలే ముల్లు తన దగ్గర లేదని. అంటే ఆశ ఉంది, అది కదలడం లేదు. భార్య తోలాక రాజు డంకన్ చచ్చాడు. తోటి సేనాని బాంక్వోను చంపించింది ఆశ కాదు, భయం: రాజు కావడం చాలదు, నిశ్చింతగా ఉండాలి (3వ అంకం, 1వ సీను). తనకు ఎదురుతిరిగిన మాక్‌డఫ్ భార్యాపిల్లలను చంపించడంలో ఆశా లేదు, లాభమూ లేదు. మూడు హత్యలకు మూడు కారణాలు రాసినవాడి జవాబు పట్టిక రాసినవాడి జవాబు పక్కన పెడితే తేడా దిద్దేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ఒథెల్లోకు "అనుమానం" అనడం అన్నిటికన్నా అన్యాయం. నిజాయితీపరుల్లా కనిపిస్తే చాలు నమ్మేస్తాడని, ఒథెల్లో కింద పనిచేసే ఇయాగో మొదటి అంకంలోనే అంటాడు. అతను మునిగింది భార్యను అనుమానించినందుకన్నా ముందు ఇయాగోను నమ్మినందుకు. 3వ అంకం 3వ సీను రెండుసార్లు చదవండి. మొదట్లో ఏ అనుమానమూ లేని మనిషి చివరికి మోకరిల్లి పగ తీర్చుకుంటానని ప్రమాణం చేస్తాడు, అంతా ఒక్క సీనులోనే. ఏ మాట దగ్గర ఎంత జారాడో మార్జిన్‌లో గుర్తు పెట్టుకుంటే జవాబుకు కావాల్సిన సరంజామా అక్కడే ఉంటుంది.

హామ్లెట్ జాప్యం చేస్తాడు, తండ్రిని చంపిన రాజు ప్రార్థనలో ఉంటే వదిలేస్తాడు. వెంటనే వచ్చే సీనులో తెర వెనక ఉన్నదెవరో చూడకుండానే పొడుస్తాడు, రాజు మంత్రి పొలోనియస్ పోతాడు. ఒకే మాట ఈ రెంటికీ ఎలా సరిపోతుంది? ఒక్క లోపం మనిషి మంచినంతా చెడగొడుతుందని హామ్లెట్ చెప్పే మాటలను (1వ అంకం, 4వ సీను) నోట్సు పెద్ద అక్షరాల్లో వేసింది. అవి 1604-05 నాటి రెండో క్వార్టో అనే ముద్రణలో ఉన్నాయి, నాటకాలన్నీ కలిపి వేసిన 1623 ఫోలియోలో లేవు. ఆ సంగతి చెప్పకుండా వాడితే షేక్‌స్పియర్ సిద్ధాంతమే అది అన్నట్టు అవుతుంది. లియర్ పేజీలు ఫర్వాలేదు. 1681లో నేహమ్ టేట్ దానికి సుఖాంతం తగిలించిన సంగతి కూడా ఉంది. ఆధునిక ట్రాజెడీ కింద అమెరికా నాటకకర్త ఆర్థర్ మిల్లర్ మీద ఉన్న 9 పేజీలు గైడుల్లో దొరికేదే, కొత్తగా ఏమీ లేదు.

భారతీయ నాటకం నాలుగు పేజీలు చూస్తే బాధేస్తుంది. "సంస్కృతంలో ట్రాజెడీ లేదు" అని ఒక వాక్యం, మిగతాది రసాల జాబితా. భాసుడి పేరిట ఉన్న ఊరుభంగంలో తొడలు విరిగిన దుర్యోధనుడు రంగం మీదే ప్రాణం వదులుతాడు, దాని పేరైనా ఎత్తలేదు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరున్న ధర్మవరం రామకృష్ణమాచార్యుల విషాద సారంగధర కూడా లేదు. అన్నిటికన్నా, ఈ నోట్సు అమ్ముతున్న ఊళ్లోనే పుట్టిన లక్షణ గ్రంథం ప్రతాపరుద్రీయం ఇందులో లేదు. ఓరుగల్లు ఆస్థానంలో విద్యానాథుడు నాయకుల రకాలన్నీ చెప్పి, నాటకం ఎలా ఉండాలో చూపించడానికి తన రాజు ప్రతాపరుద్రుణ్ణే నాయకుణ్ణి చేసి ఐదంకాల ప్రతాపరుద్ర కల్యాణం రాశాడు. శాస్త్ర ప్రకారం అంతా శుభమే. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతికి చిక్కింది, ఆ నాయకుడే బందీ అయ్యాడు. "నాటకంలో రాజు, చరిత్రలో రాజు" అనే ఎస్సేకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఇక్కడి విద్యార్థికి ఎక్కడ దొరుకుతుంది? ఒక్క మాట జాగ్రత్త: ఆ గ్రంథంలో దోష ప్రకరణం ఉంది కదా అని హమార్షియాతో కలపకండి, అవి కావ్యంలోని దోషాలు, నాయకుడివి కావు.

కొనేదైతే ఇలా వాడండి. ముందు నాటకం చదవాలి. మూలం కష్టమైతే కనీసం ఈడిపస్‌లో దూత సీను, యాంటిగనీలో టైరీసియస్ సీను నుంచి చివరిదాకా, మాక్‌బెత్ 1వ అంకం 7, 3వ అంకం 1, ఒథెల్లో 3వ అంకం 3. తర్వాత నోట్సులో ఆ నాటకం సారాంశం చూసుకోండి. చివరి పట్టికకు మూడో గడి గీసి "ఏం తెలియక, ఏం చేశాడు, ఏ సీనులో" అని నింపండి. ఖాళీ జాగా కావాలంటే సింగిల్ సైడ్ ప్రింటు అడగాలి. బ్యాక్ టు బ్యాక్‌లో పలుచటి 70 జీఎస్ఎం కాగితం వేస్తున్నారు, ఇంకు పెన్నుతో రాస్తే అవతలికి దిగుతుంది. స్పైరల్ ప్లాస్టిక్‌ది, కొసలు వంచకపోతే వారంలో జారిపోతుంది, కౌంటరు దగ్గరే వంచి ఇమ్మనండి. 61, 62 పేజీలు రెండుసార్లు పడి, 63, 64 లేని కాపీలు కూడా ఉన్నాయి. లియర్ ఐదో అంకం ఆ రెండు పేజీల్లోనే ఉంది, డబ్బులిచ్చే ముందు అక్కడ తిప్పి చూసుకోండి.