స్టాక్ నిండినా చేయి వదలని ఎస్‌బీసీఎల్

తెలుగు పదాల్లో సంధులు విడదీసే ప్రోగ్రాం ఒకటి కొన్ని నెలలుగా రాసుకుంటున్నాను. నడిపేది స్టీల్ బ్యాంక్ కామన్ లిస్ప్ (ఎస్‌బీసీఎల్) మీద, అంటే లిస్ప్ భాషలో రాసిన ప్రోగ్రాంలని కంపైల్ చేసి నడిపే సాఫ్ట్‌వేర్. దాని వేగం గురించి చాలామంది చెప్తారు. నాకు మాత్రం అది స్టాక్‌నీ (నడుస్తున్న ఫంక్షన్ల వివరాలు పేర్చుకునే చోటు) మెమరీనీ చూసుకునే తీరు నచ్చింది.

మొన్నొక రాత్రి లక్ష పదాల లిస్టును తనని తానే పిలుచుకునే ఒక రికర్సివ్ ఫంక్షన్‌కి ఇచ్చాను. ఆ పిలుపు ఫంక్షన్‌లో చివరి పని (టెయిల్ కాల్) కాదు కాబట్టి పదానికో ఫ్రేమ్ (ఒక పిలుపు వివరాలు) చొప్పున స్టాక్ మీద పేరుకుపోతుంది. ఈ స్టాక్ (కంట్రోల్ స్టాక్ అంటారు) మామూలుగా 2 ఎంబీ. చాలలేదు. సీలో ఇదే తప్పు చేస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఒక్క ముక్క చెప్పి ప్రాసెస్ పోతుంది. సాయంత్రం నుంచి మెమరీలో సరిదిద్దుకున్న పట్టికంతా పోయిందని టెన్షన్ పడ్డాను. పోలేదు. స్టాక్ అయిపోయిందని చెబుతూ డీబగ్గర్ తెరుచుకుంది.

స్టాక్ చివర గార్డ్ పేజీ అని, ముట్టుకోకుండా కాపలా పెట్టిన మెమరీ ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని తాకగానే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చే సిగ్నల్‌ని ఎస్‌బీసీఎల్ రన్‌టైమ్ పట్టుకుని, మామూలు లిస్ప్ కండిషన్‌గా (ప్రోగ్రాం పట్టుకోగలిగే కబురుగా) మార్చి మన చేతికిస్తుంది. ఆ కండిషన్‌ని చూసుకునే కోడ్‌కీ కాస్త స్టాక్ కావాలి కదా, అందుకని ఆ పేజీకి కాపలా కాసేపు ఎత్తేస్తుంది. నేను టాప్‌లెవల్‌కి (కమాండ్లు ఇచ్చే చోటికి) వచ్చేశాక, కాపలా మళ్లీ పెట్టానని ఒక లైను. అది చూశాక ప్రాణం లేచొచ్చింది. పట్టిక చెక్కుచెదరలేదు. ఫంక్షన్‌ని లూప్‌గా మార్చి అక్కడి నుంచే పని కొనసాగించాను.

ఇంకోటి, డైనమిక్ ఎక్స్‌టెంట్ డిక్లరేషన్. 64 బిట్ల మెషీన్‌లో ఒక్కో కాన్స్ (లిస్టులో ఒక గడి) 16 బైట్లు. నా ఫంక్షన్ ప్రతి పదానికీ మూడు కాన్స్‌ల తాత్కాలిక లిస్టు కడుతుంది, అంటే లక్ష పదాలకి 48 లక్షల బైట్ల చెత్త. ఆ ఒక్క డిక్లరేషన్ రాస్తే లిస్టు స్టాక్ మీదే పుట్టి, ఫంక్షన్‌తో పాటే పోతుంది, వాడని మెమరీని ఏరి ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్‌కి పనే ఉండదు. అయితే ఆ లిస్టును బయటికి తిరిగి ఇవ్వకూడదు. ఇస్తే చెల్లని చోటును చూపించే పాయింటర్ మిగులుతుంది. కంపైలర్ మన మాట నమ్ముతుంది, జాగ్రత్త మనదే.

కలెక్టర్ తరాలవారీగా పనిచేస్తుంది, అంటే కొత్త డేటాను తరచుగా, పాతదాన్ని అరుదుగా చూస్తుంది. ఎక్స్86 ప్రాసెసర్లలో స్టాక్ విషయంలో మాత్రం అనుమానపు మనిషి: అక్కడున్న అంకె అడ్రసులా కనిపిస్తే చాలు, అది చూపే వస్తువును కదపదు, పారేయదు. దానివల్ల అప్పుడప్పుడు చచ్చిన డేటా కూడా కొంతసేపు నిలిచిపోతుంది. నాకైతే ఇది ఇబ్బంది పెట్టలేదు.

హీప్ (స్టాక్ మీద కాకుండా మిగతా డేటా ఉండే మెమరీ) దగ్గర మాత్రం ఇంత దయ లేదు. దాని గరిష్ఠ పరిమాణం మొదలుపెట్టేటప్పుడే ఖాయమవుతుంది. బతికున్న డేటాను కాపీ చేసుకోవడానికి కలెక్టర్‌కి కూడా ఖాళీ కావాలి, మధ్యలో అది దొరక్కపోతే ఎల్‌డీబీ అనే కింది స్థాయి మానిటర్‌లో పడతాం, అక్కడి నుంచి పని కాపాడుకోవడం కష్టం. పెద్ద డేటాతో పనిచేసేవాళ్లు డైనమిక్ స్పేస్ సైజ్ ఆప్షన్‌ని ముందే పెంచుకోండి. నేను ఇప్పుడు కంట్రోల్ స్టాక్‌ని కూడా 16 ఎంబీ పెట్టుకునే మొదలుపెడుతున్నాను.