పళ్ళ క్లినిక్ ముందు గదిలో ఎవరు ఉండాలి, టోకెనా అపాయింట్‌మెంటా: అనంతపురంలో ఏది మేలు?

అనంతపురం సాయినగర్‌లో కొత్తగా పళ్ళ క్లినిక్ పెట్టాలనుకునే కుర్ర డాక్టర్లు ముందు అడిగేది కుర్చీ ధర. తర్వాత ఎక్స్‌రే సెన్సర్, పనిముట్లను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్, ఏసీ, బోర్డు. ముందు గదిలో ఎవరు కూర్చోవాలన్నది ప్రారంభోత్సవం దగ్గరపడ్డాక గుర్తొస్తుంది. "తెలిసినవాళ్ళమ్మాయి ఎవరైనా ఉంటే చూడండి" అనడంతో ఆ విషయం తేలిపోతుంది. నా మటుకు నాకు క్లినిక్ నడుస్తుందా లేదా అన్నది సగం ఆ గదిలోనే నిర్ణయమవుతుంది. ఈ పేజీలో పోల్చి చూడబోయేవన్నీ ఆ గది సంగతులే.

పోల్చడానికి ఒక కొలబద్ద కావాలి. రోజుకు ఎన్ని ఓపీలు అన్నది చాలామంది చూసుకునే కొలత. నేను చూసేది అది కాదు. సగంలో ఉన్న రూట్ కెనాల్ పేషెంట్లలో ఎంతమంది తిరిగి వచ్చారు? ఇదొక్కటే అడుగుతాను. మొదటి సిట్టింగ్‌లో పన్ను తెరిచి, లోపల పాడైన నరం తీసి, మందు పెట్టి, తాత్కాలిక సిమెంట్‌తో మూసి పంపుతాం. ఒకట్రెండు రోజుల్లో నొప్పి తగ్గుతుంది. తగ్గాక ఫోన్ చేస్తే అవతలినుంచి వచ్చే మాట ఇది: "నొప్పి పోయింది గదా మేడమ్, ఇంక రావల్లనా?" తాత్కాలిక సిమెంట్ కొన్ని వారాలకు మించి నమ్మదగ్గది కాదు. అది అరిగితే ఉమ్మితోపాటు సూక్ష్మజీవులు మళ్ళీ లోపలికి దిగుతాయి. క్యాప్, అంటే పంటిమీద తొడిగే తొడుగు, లేని దవడపన్ను గట్టిది నమిలినప్పుడు నిలువునా చీలిందంటే, చాలాసార్లు పీకడం తప్ప దారి ఉండదు. డాక్టరు పని ఎంత శుభ్రంగా చేసినా ఆ పన్ను పోయినట్టే. దాన్ని కాపాడగలిగేది ఆ పేషెంటును గుర్తుపెట్టుకుని పిలిపించే మనిషి.

అసిస్టెంటే రిసెప్షన్ కూడా చూడాలా, వేరే మనిషిని పెట్టాలా?

మన ఊళ్ళలో ఎక్కువ క్లినిక్‌లు మొదటి పద్ధతిలోనే నడుస్తాయి. ఒకే అమ్మాయి తలుపు తీస్తుంది, పేరు రాసుకుంటుంది, లోపల ఉమ్మి పీల్చే సక్షన్ గొట్టం పట్టుకుంటుంది, పనిముట్లు కడుగుతుంది, డబ్బులు తీసుకుంటుంది. జీతం ఒకటే కాబట్టి ఖర్చు తక్కువగా కనిపిస్తుంది.

ఫోన్ మోగినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. లోపల డాక్టరు తెల్ల సిమెంట్ ఫిల్లింగ్ చేస్తున్నారు, పంటికి బాండింగ్, అంటే ఫిల్లింగ్‌ను అతికించే జిగురు, పూశారు. ఆ అమ్మాయి సక్షన్ వదిలి బయటికి పరిగెత్తింది. ఆ అరనిమిషంలో బాండింగ్ మీదికి ఉమ్మి చేరితే ఫిల్లింగ్ పట్టు తగ్గుతుంది. కొన్ని నెలలకు అది ఊడి వస్తే పేషెంటు తప్పుపట్టేది డాక్టరు చేతిని. ఇంతకంటే పెద్ద సంగతి గ్లవుజులు. నోట్లో పెట్టిన గ్లవుజులతోనే ఫోన్, పెన్ను, తలుపు గడియ, నోట్ల కట్ట ముట్టుకోవడం చాలాచోట్ల చూస్తూనే ఉంటాం. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట, ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. అదే ఫోన్ సాయంత్రం ఆ అమ్మాయి చెవికి ఆనుతుంది. గ్లవుజులు తీసి, చేతులు కడుక్కుని, ఫోన్ మాట్లాడి, మళ్ళీ కొత్తవి తొడుక్కోవాలంటే పని ఆగుతుంది. పని ఆగకూడదంటే శుభ్రత పోతుంది. ఆ అమ్మాయి ఎంత చురుకైనదైనా రెండూ కుదరవు.

ఖర్చు సంగతికి వద్దాం. ముందు గదికి విడిగా ఒక మనిషిని నెలకు 12,000 రూపాయలకు పెట్టారనుకుందాం. నెలకు 26 పనిదినాలు వేసుకుంటే రోజుకు సుమారు 460 రూపాయలు. మీ దగ్గర ఒక ఫిల్లింగ్‌కి ఎంత తీసుకుంటున్నారో దాని పక్కన ఈ అంకె పెట్టి చూడండి. ఆ మనిషి రోజుకు ఒక్క పేషెంటును, అదీ ఫోన్ ఎత్తకపోతే పక్క క్లినిక్‌కి పోయేవారిని నిలబెడితే చాలు. సగంలో ఆగిన ఒక రూట్ కెనాల్‌ను రప్పించి క్యాప్ దాకా తెస్తే ఎన్నో రోజుల జీతం అందులోనే వస్తుంది.

కాబట్టి నా ఓటు వేరే మనిషికే. రెండో కుర్చీ కొనే ఆలోచన ఉంటే, అంతకంటే ముందే ఈ మనిషిని పెట్టండి. క్లినిక్ తెరిచిన మొదటి నెలల్లో, రోజుకు ముగ్గురో నలుగురో వస్తున్నప్పుడు, ఒకరితో నడపడం తప్పేమీ కాదు. అప్పుడు ఒక నియమం పెట్టుకోవాలి: పేషెంటు నోరు తెరిచి ఉండగా ఫోన్ ఎత్తకూడదు, పని అయ్యాక అరగంటలోపు తిరిగి చేయాలి.

ఇంట్లోవాళ్ళు, అంటే డాక్టరుగారి భార్యో అమ్మో ముందు కూర్చోవడం మూడో పద్ధతి. డబ్బు దగ్గర నమ్మకం ఉంటుంది. కానీ సెలవు అడగలేరు, తప్పు జరిగితే వాళ్ళకు చెప్పలేం. కొన్నాళ్ళకు పర్వాలేదు, ఏళ్ళ తరబడికి మాత్రం నేను ఒప్పుకోను.

టోకెనా, అపాయింట్‌మెంటా?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

టోకెన్ మన వైపు జనానికి అలవాటైన పద్ధతి. కూడేరు, ఉరవకొండ, కళ్యాణదుర్గం, బత్తలపల్లి నుంచి వచ్చేవాళ్ళు బస్సు వచ్చినప్పుడు వస్తారు. పదకొండుంబావుకు రమ్మంటే వాళ్ళకు అర్థంలేని మాట. ముందొచ్చినవాళ్ళకు ముందు అంటే న్యాయంగా కనిపిస్తుంది, గొడవ ఉండదు, ముందుగా ఫోన్ చేయాల్సిన పని లేదు. జ్వరాల డాక్టరు దగ్గర ఇది చక్కగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ ఒక్కొక్కరికీ పట్టే సమయం ఇంచుమించు ఒకటే.

పళ్ళ దగ్గర అలా కాదు. చూసి మందు రాయడం పది నిమిషాలు, దవడపన్ను రూట్ కెనాల్ గంట. మూడో టోకెన్ రూట్ కెనాల్ అయితే నాలుగు నుంచి తొమ్మిది దాకా ఉన్నవాళ్ళు గోడ గడియారం చూస్తూ కూర్చోవాలి. లోపల డాక్టరుకు బయటి గుంపు ఒత్తిడి తెలుస్తుంటుంది. తొందరలో కొలత సరిగ్గా తీయకపోతే క్యాప్ సరిపోదు, మళ్ళీ ల్యాబ్, మళ్ళీ వారం. టోకెన్ పద్ధతిలో రెండో సిట్టింగ్‌కు వచ్చినవాళ్ళూ కొత్తగా వచ్చినవాళ్ళతో పాటే వరసలో నిలబడాలి. నొప్పి లేని పంటి కోసం పొలం పని మానుకుని వచ్చి మూడు గంటలు కూర్చున్న రైతు మూడోసారి రాడు. నా కొలబద్దకు టోకెన్ ఇక్కడే ఓడిపోతుంది.

సరే, అన్నీ అపాయింట్‌మెంట్లే పెడదామంటే? కలెక్టరాఫీసు ఉద్యోగులు, జేఎన్‌టీయూ, ఎస్కేయూ లెక్చరర్లు, బ్యాంకువాళ్ళు సంతోషిస్తారు. కానీ ఇచ్చిన సమయానికి రానివాళ్ళ వల్ల కుర్చీ ఖాళీగా ఉంటుంది. రాత్రంతా నిద్రలేక, చెంప పట్టుకుని రాయదుర్గం నుంచి మొదటి బస్సెక్కి వచ్చిన మనిషికి "రేపు సాయంత్రం నాలుక్కి ఖాళీ ఉంది" అని చెప్పే క్లినిక్ మన ఊళ్ళో ఉండకూడదు.

నేను మేలనేది పూటను బట్టి విడదీయడం. పొద్దున మొదటి రెండు గంటలు కొత్త నొప్పులకు, టోకెన్ మీద. చూడటం, ఎక్స్‌రే, నొప్పి తగ్గించడం, పీకాల్సినవి పీకడం. పల్లెలవాళ్ళు మధ్యాహ్నం బస్సు అందుకుంటారు. పదకొండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా పల్లె పేషెంట్ల రెండో, మూడో సిట్టింగులు. వాళ్ళకు గడియారం టైము చెప్పొద్దు. "గురువారం పొద్దున రండి, చీటీ చూపిస్తే వరస లేకుండా పిలుస్తాం" అనాలి, అన్నమాట నిలబెట్టుకోవాలి. సాయంత్రం పూర్తిగా అపాయింట్‌మెంట్లు, టౌన్‌వాళ్ళకు. అందులోనూ ఒక అరగంట ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టండి. పడిపోయి ముందుపన్ను విరగ్గొట్టుకున్న పిల్లాడో, బుగ్గ వాచిన మనిషో తప్పకుండా వస్తారు.

క్యాలెండర్‌లో మన జనం అలవాట్లను కూడా గుర్తుపెట్టుకోవాలి. అమావాస్యనాడు, మంగళవారంనాడు కొత్తగా వైద్యం మొదలుపెట్టడానికి చాలామంది ఇష్టపడరు. ఆ రోజుల్లో స్టాకు లెక్కలు, ల్యాబ్ పనులు, పాత పేషెంట్లకు ఫోన్లు పెట్టుకోవచ్చు. వానలు పడి వేరుశనగ విత్తే రోజుల్లో పల్లెలనుంచి జనం తగ్గుతారు. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్ళు నోట్లో నీళ్ళు పడే పని పగలు చేయించుకోరు, రాత్రి నమాజు వేళ చూసుకుని వాళ్ళకు టైము ఇవ్వాలి. ఇవన్నీ ముందు గదిలో మనిషికి తెలియాలి, డాక్టరు చెబితే తప్ప తెలియని పరిస్థితి ఉండకూడదు.

ఫోన్‌లో అడగాల్సినవీ ఆ మనిషి పనే. వాపు ఉందా, జ్వరం ఉందా, నోరు తెరుచుకుంటోందా, మింగడం కష్టంగా ఉందా? వాపు మెడకు దిగి మింగలేకపోతుంటే అపాయింట్‌మెంట్ పుస్తకం తెరవొద్దు, వెంటనే డాక్టరుకు చెప్పి పెద్దాసుపత్రికి పంపాలి. పన్ను పీకించుకోవడానికి వచ్చేవాళ్ళను షుగరు, బీపీ, గుండెజబ్బు, రక్తం పలచబడే మాత్రల గురించి అడగాలి. వాళ్ళంతట వాళ్ళు ఏ మాత్రా ఆపొద్దని చెప్పి, మందుల చీటీ వెంట తెచ్చుకోమనాలి. ఇవి అడగకపోతే ఏ పెద్దాయనో తాడిపత్రి నుంచి వచ్చి, పన్ను పీకించుకోకుండానే వెనక్కి పోతాడు.

మెసేజీనా, ఫోన్ కాలా?

కేస్ షీట్ మీద రాసిన నంబరు ఎవరిదో ముందు చూడండి. మన జిల్లాలో చాలా ఇళ్ళలో అమ్మానాన్నలు ఊళ్ళో, కొడుకు బెంగళూరులో ఉంటారు. నంబరు కొడుకుది ఇస్తారు. "రేపు మీ అపాయింట్‌మెంట్" అన్న వాట్సాప్ మెసేజీ బెంగళూరులో ఆఫీసులో ఉన్నవాడికి చేరుతుంది, ఊళ్ళో అమ్మకు చేరదు. వెంట ఎవరు వస్తారో వాళ్ళ నంబరు కూడా తీసుకోవాలి. టౌన్‌వాళ్ళకు మెసేజీ చాలు, పల్లెలవాళ్ళకు ముందురోజు సాయంత్రం ఫోన్ చేయాల్సిందే. ఇందులో రెండో ఆలోచన లేదు.

రోజంతా ఒకరా, పూటకొకరా?

మన క్లినిక్‌లు పొద్దున నాలుగు గంటలు, మధ్యాహ్నం విరామం, మళ్ళీ సాయంత్రం నాలుగు గంటలు నడుస్తాయి. రోజంతా ఒకరే ఉంటే ప్రతి పేషెంటూ తెలుస్తారు, ఏ మాటా మధ్యలో జారిపోదు. అయితే పొద్దున తొమ్మిదికి వచ్చిన అమ్మాయి రాత్రి తొమ్మిదికి రుద్రంపేటకో బుక్కరాయసముద్రానికో పోవాలి. మధ్యాహ్నం ఇంటికి పోయి రావడానికి ఆటో చార్జీలు, లేదంటే క్లినిక్‌లోనే బల్లమీద నడుం వాల్చడం. ఇలాంటి ఉద్యోగంలో ఎవరూ ఎక్కువకాలం నిలవరు. మనిషి మారిన ప్రతిసారీ సగంలో ఉన్న పేషెంట్ల గుర్తు కూడా వాళ్ళతో పోతుంది.

పూటకొకరిని పెడితే డబ్బు కొంచెం ఎక్కువవుతుంది. పిల్లలు బడికి పోయాక పని చేయగలిగే గృహిణులు పొద్దున పూటకు దొరుకుతారు, వాళ్ళు నిలకడగా ఉంటారు. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు ఆదుకుంటారు. ఒక పూట సంగతి ఇంకో పూటకు చేరేలా ఒక నోటుబుక్కు, పది నిమిషాల మాట ఉండాలి. డబ్బు లెక్క పూటపూటకూ తేల్చి సంతకం పెట్టాలి. నేనైతే పూటకొకరినే పెడతాను. రోజంతా ఒకరే కావాలనుకుంటే రాత్రి ఎనిమిదిన్నరకు పంపించి, మిగిలిన పని డాక్టరు చూసుకోవాలి. రాత్రి వేళ ఇంటికి చేరే దారి అడగకుండా ఒక అమ్మాయిని పనిలో పెట్టుకోవడం నాకు నచ్చదు.

పుస్తకమా, సాఫ్ట్‌వేరా?

దీనిమీద జరిగే చర్చంత పెద్ద విషయం కాదిది. రోజుకు పదిహేనుమంది లోపయితే మంచి రిజిస్టరు, గోడమీద నెల క్యాలెండరు, వాట్సాప్ బిజినెస్ సరిపోతాయి. అందులో లేబుళ్ళు ఉంటాయి: "రెండో సిట్టింగ్ బాకీ", "క్యాప్ ల్యాబ్‌లో ఉంది" అని పెట్టుకుంటే వెతకడం సులువు. ఇద్దరు డాక్టర్లు, రెండు కుర్చీలు అయ్యాక సాఫ్ట్‌వేర్ అవసరమే. రెండింట్లో ఏదైనా క్లినిక్ ఫోన్, క్లినిక్ నంబరు మీదనే నడవాలి. స్టాఫ్ సొంత ఫోన్లలో పేషెంట్ల ఎక్స్‌రేలు, ఫోటోలు ఉండకూడదు. వ్యక్తిగత సమాచారం కాపాడటానికి 2023లో కేంద్రం చట్టం కూడా చేసింది.

అనుభవం ఉన్నవాళ్ళా, కొత్తవాళ్ళా?

పెద్దాసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసినవాళ్ళకు కంప్యూటరు, బిల్లింగు వచ్చి ఉంటాయి. కొత్తవాళ్ళకు నేర్పాలి. నేను చూసేది వేరు. తెలుగుతోపాటు ఉర్దూలో మాట్లాడగలరా, రాయదుర్గం, మడకశిర వైపునుంచి వచ్చేవాళ్ళతో నాలుగు కన్నడ మాటలు కలపగలరా? అన్నిటికంటే ముఖ్యంగా గొంతు తగ్గించి మాట్లాడగలరా?

ఈ చివరిది మన జిల్లాలో తప్పనిసరి. ఇక్కడ చాలా ఊళ్ళలో బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చి వందలాది ఊళ్ళకు మంచినీళ్ళు అందించింది. అయినా చిన్నతనంలో ఆ బోరునీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళమీద మచ్చలు ఉండిపోయాయి. పెళ్ళిచూపుల ముందో ఉద్యోగం ఇంటర్వ్యూ ముందో అలాంటి యువతీయువకులు వస్తారు, మాట్లాడేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటారు. పదిమంది కూర్చున్న హాల్లో "ఏం సమస్యమ్మా, పళ్ళు పచ్చగా ఉన్నాయా?" అని గట్టిగా అడిగితే ఆ పిల్ల అక్కడినుంచే వెనక్కి తిరుగుతుంది. పేరు, ఊరు, వయసు అడిగి చీటీ ఇచ్చి, మిగతాది లోపల డాక్టరు అడుగుతారని చెప్పడం నేర్పాలి. ఖర్చు సంగతీ అంతే. ఎంతవుతుందో డాక్టరు లోపల చెప్పి కాగితం మీద రాయాలి, ముందు గదిలో మనిషి ఆ కాగితం చూసి డబ్బు ఏ సిట్టింగ్‌కు ఎంత కట్టాలో వివరించాలి. బేరం ఆమె దగ్గరికి రాకూడదు. తగ్గించే అధికారం లేని మనిషిని బేరంలోకి దించితే ఇద్దరికీ అవమానమే.

ఈ నెమ్మది ఉన్న కొత్త మనిషి దొరికితే అనుభవం కోసం చూడకుండా తీసుకోండి. బిల్లింగు రెండు వారాల్లో వస్తుంది. మొదటి వారం కుర్చీ పక్కన నిలబెట్టి ఒక రూట్ కెనాల్ మొదటినుంచి చివరిదాకా చూపించండి. లోపల ఏం జరుగుతుందో కళ్ళారా చూసిన మనిషి, "నొప్పి పోయింది గదా" అన్న పేషెంటుకు ఎందుకు రావాలో తన మాటల్లో చెప్పగలుగుతుంది.