ఎర్ర గడప, బూడిద గడప: డార్క్‌విజన్‌తో చాన్నాళ్లు ఆడాక

ఒక్కో పాత్ర తీసుకుని మాటలతో, డైస్‌తో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్ రూళ్ల పుస్తకం మొత్తంలో నీకు నచ్చిన వాక్యం ఒక్కటి చెప్పమంటే, డార్క్‌విజన్ అనే చీకటి చూపు గురించిన పేరాలో చివరిదాన్ని చూపిస్తాను. ఆ చూపు ఉన్నవాళ్లకు చీకట్లో రంగులు తెలియవు, అంతా బూడిద ఛాయలే అంటుందది. ఎల్ఫ్ (ఆ చూపు ఉన్న జాతుల్లో ఒకటి) పాత్ర తీసుకున్న ప్రతివాడూ ఆ పేరా సగం దాకా చదివి, చీకట్లో కూడా పట్టపగల్లా కనిపిస్తుందని ఖాయం చేసుకుని పుస్తకం మూసేస్తాడు. మిగతా సగంలోనే అసలు ఆట ఉంది.

ఆట ఎలా ఆడాలో, డైస్ ఎన్ని రకాలో ఇక్కడ రాయను. నేను కథ చెప్పి ఆట నడిపించే డంజన్ మాస్టర్‌ని. నల్గొండలో మా ఇంట్లోనే, ఆదివారం సాయంత్రాలు, వచ్చినవాళ్లతో. మ్యాపులు, బొమ్మలు వాడం, మాటల మీదే నడుస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి, ఎందుకంటే నా మెచ్చుకోలులో సగం దీనివల్లే.

రూలు ఇది. మసక వెలుగు మంచి వెలుగులా, కటిక చీకటి మసక వెలుగులా కనిపిస్తుంది, మామూలు ఎల్ఫ్‌కి 60 అడుగుల దాకా. మసక వెలుగంటే చుట్టూ ఏముందో కంటితో కనిపెట్టే పర్సెప్షన్‌కి డిసడ్వాంటేజ్, అంటే రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవాలి. డైస్ వేయకుండా లెక్కపెట్టే పాసివ్ పర్సెప్షన్‌లో అయితే 5 తగ్గుతుంది. కాగడా లేకుండా గుహలోకి దూరిన ఎల్ఫ్‌కి 16 ఉంటే అది 11 అవుతుందన్నమాట. అదే గుహలోకి కాగడా పట్టుకుని వెళ్లిన మామూలు మనిషి వాడికంటే బాగా చూస్తాడు. చాలామంది ఈ 5 తీసేయరు. తీసి చూడండి, ఉచ్చులు మళ్లీ ఉచ్చుల్లా పనిచేస్తాయి.

ఇక రంగుల సంగతి. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం మా వాళ్లందరూ చూసిందే, గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే నీడ. దాన్ని మనసులో పెట్టుకుని ఒక పాడుబడ్డ గుడి రాశాను. లోపల రెండు గడపలు, ఒకదానికి పసుపు, ఒకదానికి కుంకుమ. ఊళ్లో పూజారి ముందే చెప్పి పంపాడు, ఎర్ర గడప దాటొద్దని. చిక్కు ఇంతే, పిల్లలకు కూడా తెలిసిపోయేంత తేలిక.

ఎల్ఫ్ మా బామ్మర్దిది. కాగడా వెలిగిస్తే శత్రువులకు తెలుస్తుందని అందరినీ బయటే ఆపి ఒక్కడే ముందుకెళ్లాడు. "రెండు గడపలకూ ఏదో పూసి ఉంది" అన్నాను.

"ఏ రంగు బావా?"

"బూడిద."

"రెండోది?"

"అదీ బూడిదే."

"నాకు చీకట్ల కనవడ్తది గదా బావా!"

"కనవడ్తున్నది. బూడిద కనవడ్తున్నది."

పుస్తకం తెరిపించాడు, చదివాడు, మళ్లీ చదివాడు. ఇది రాసినవాడు ఏదో నోటికొచ్చింది రాశాడని, చూపు ఉన్నాక రంగు లేకుండా ఎలా ఉంటుందని వాదన. అప్పటికి బాగా చీకటి పడింది. డాబా మీద అమ్మ ఆరబోసిన మిరపకాయలు ఇంకా తీయలేదు, కింద పరిచింది పాత పసుపుపచ్చ చీర. మా వెనక వీధిలైటు ఎట్లాగూ వెలగదు. అందరం పైకెళ్లి కాసేపు కళ్లు అలవాటు పడనిచ్చి చూశాం. మిరపకాయలు బొగ్గుల్లా ఉన్నాయి. చీర తెల్లదో ఏదో చెప్పలేం, పాలిపోయి ఉంది. ఎరుపు లేదు, పసుపు లేదు.

మన కంటిలో రంగులు పట్టే కణాలు వెలుగుంటేనే పనిచేస్తాయి. వాటిని కోన్లంటారు. చీకటి పడ్డాక పని రాడ్ల చేతికొస్తుంది, వాటికి రంగుల తేడా తెలియదు, పైగా ఎరుపు దాదాపు ఆనదు. చీకటి పడేకొద్దీ ఎరుపు నల్లబడి, నీలం, ఆకుపచ్చ రంగులు తేటగా కనిపించడాన్ని 19వ శతాబ్దంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త గమనించి రాశాడు. ఆటలోని ఎల్ఫ్ కన్ను ఎలా పనిచేస్తుందో పుస్తకం చెప్పదు కానీ, ఆ ఒక్క వాక్యం మన కంటికి దగ్గరగా ఉంది.

నేను గెలిచాననుకునేలోపు మా బామ్మర్ది డాబా మీదే నిలబడి ఎదురు తిరిగాడు. "మిరపకాయలు నల్లగున్నయ్, చీర తెల్లగున్నది. అంటే తేడా తెలుస్తున్నట్టే గదా? ముదురు బూడిద ఉన్నదే ఎర్ర గడప!"

పుస్తకం బూడిద 'ఛాయలు' అందే గానీ ఒకటే బూడిద అనలేదు. వాడి మాట రూలుకి లోబడే ఉంది. అలాగని ఉచితంగా ఇవ్వబుద్ధి కాలేదు. పాతపడ్డ పసుపూ ముదురుతుంది, చెమ్మ తగిలిన రాయీ ముదురుతుంది. పర్సెప్షన్ వెయ్యి, చీకటి కాబట్టి డిసడ్వాంటేజ్‌తో అన్నాను. 17 పడింది. లేచి గంతేశాడు. రెండోది 4. తక్కువది తీసుకోవాలి కదా, వాడికి కుడి గడప ముదురుగా తోచిందని చెప్పాను, ఎడమది దాటాడు. ఎడమదే కుంకుమ. తర్వాత జరిగింది రాయను, ఇప్పటికీ కోపంగానే ఉన్నాడు.

ఆ రోజు అందరినీ కాపాడింది జట్టులో ఉన్న ఒకే ఒక్క మామూలు మనిషి పాత్ర. గుడ్డోడని వాణ్ని ఎన్నాళ్లుగానో ఏడిపిస్తూ ఉండేవాళ్లు. వాడు కాగడా ముట్టించి లోపలికొచ్చాడు. 20 అడుగులు మంచి వెలుగు, ఇంకో 20 మసక. రెండు గడపల రంగులూ తేలిపోయాయి, పైకప్పు మీద కాచుకున్నవాళ్లకు వీళ్లూ తేలిపోయారు. వెలుగు కావాలా, దాక్కోవాలా అని జట్టంతా నిజంగా టెన్షన్ పడ్డది ఆ పూటే. ఒక్క వాక్యం ఇంత పని చేస్తుందని నేను అనుకోలేదు.

ఆ ఊపులో అందరికీ ఈ రూలు గురించి గొప్పగా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెప్తాను.

లైట్ అనే చిన్న మంత్రం ఉంది, క్యాంట్రిప్, ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. కాగడా అంత వెలుగు, గంటసేపు, ఖర్చు లేదు. ఒక్కడి దగ్గర అది ఉన్నా రంగుల చిక్కు సగం చచ్చినట్టే. కాకపోతే ఆ వెలుగుకి ఇష్టమొచ్చిన రంగు పెట్టుకోవచ్చని రూల్లోనే ఉంది. ఒకసారి మావాడొకడు దూరం నుంచి కనపడకుండా ఉంటుందని ఎర్ర వెలుగు పెట్టాడు. నిఖార్సయిన ఎర్ర వెలుతురులో పసుపూ కుంకుమా రెండూ ఎర్రగానే కనిపిస్తాయి. ఇది పుస్తకంలో లేదు, నేను చెప్పిన తీర్పు, ఎవరూ కాదనలేదు.

వార్లాక్ అనే మంత్రగాళ్ల రకం పాత్రతో వచ్చిన ఇబ్బంది ఇంకా పెద్దది. డెవిల్స్ సైట్ అనే శక్తి తీసుకుంటే 120 అడుగుల దాకా మామూలు చీకటే కాదు, మంత్రంతో పుట్టిన చీకట్లో కూడా మామూలుగా చూస్తారు. మామూలుగా అంటే రంగులతో సహా అనే నేను చదువుకుంటాను. ఇక నా గడపలు, రాతలు, ముగ్గులు అన్నీ ఆ పాత్ర ఇట్టే చదివేస్తుంది. పైగా డార్క్‌నెస్ మంత్రం వేసి 15 అడుగుల చుట్టూ నల్లగా చేసేస్తుంది, అందులో డార్క్‌విజన్ పనిచేయదు. తనొక్కతే ఆడుతుంది, మిగతా జట్టు ఫోన్లు చూసుకుంటుంది. ఆ చూపుకి రంగులు తెలుస్తాయో లేదో ఒక్క మాట రాసి ఉంటే బాగుండేది.

మావాళ్లు కూడా ముదిరిపోయారు. ఇప్పుడు ఏ తలుపు దగ్గరికొచ్చినా ముందడిగేది రంగే. అందుకే ఆ చిక్కు చాలా అరుదుగా వాడుతున్నాను.

2024లో వచ్చిన కొత్త పుస్తకంలో ఈ రూలు దాదాపు అలాగే ఉంది. 2014 పుస్తకంలో 9 జాతుల్లో 6 జాతులకు డార్క్‌విజన్ ఉండేది. ఇప్పుడు 10లో 7. డ్రాగన్‌బోర్న్‌కి కొత్తగా ఇచ్చారు, డ్వార్ఫ్‌కి 120 అడుగులు చేశారు. లేనివాళ్లు మనిషి, హాఫ్లింగ్, గోలియాత్ మాత్రమే. కాగడా పట్టే మనిషి టేబుల్ మీద ఒక్కడైనా ఉండాలని నా కోరిక, ఈ లెక్కన అది కష్టమే.

మంచి రూలేనా అంటే, మాకు మంచిదే. కంప్యూటర్ మ్యాపుల మీద ఆడేవాళ్లకు మాత్రం గట్టిగా చెప్పలేను, చీకటి గది బొమ్మ రంగులతో సహా తెర మీద కనపడుతుంటే బూడిద అని నోటితో చెప్పినా ఎవరు వింటారు? వారానికి రెండు గంటలే దొరికే జట్టయితే ఇలాంటి వాదనలకు టైం ఉండదు, చీకట్లో కనపడుతుందని చెప్పి ముందుకెళ్లిపోవడమే నయం. మాకు ఆదివారం రాత్రి భోజనాల దాకా తీరికే.

ఈ ఒక్క రూలు కోసం కొత్త పుస్తకం కొనక్కర్లేదు. ఆట మూల నియమాల పత్రం 5.1ని 2023లో క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా ఇచ్చేశారు, ఎల్ఫ్ పేరా అందులోనే ఉంది. అయితే దించుకున్నాక మీ ఆటగాళ్లకు కూడా పంపండి, లేకపోతే గడప దగ్గర పుస్తకం తెరిపిస్తారు.