క్యాంప్‌గ్రౌండా, అడవిలో సొంత చోటా?

అమెరికాలో ప్రభుత్వ భూముల్లో గుడారం వేయాలంటే రెండు దారులు. డబ్బు కట్టి క్యాంప్‌గ్రౌండ్‌లో దిగడం ఒకటి. ఏ వసతీ లేని చోట మనమే జాగా వెతుక్కోవడం రెండోది. దీన్ని డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు.

క్యాంప్‌గ్రౌండ్‌లో సాధారణంగా టాయిలెట్, బల్ల, మంట వేసుకునే ఇనుప వలయం ఉంటాయి. రాత్రి పొద్దుపోయాక మాత్రం గోల చేయకూడదు.

రెండోదానికి చాలాచోట్ల రుసుము లేదు. అందుకని అడిగేవాళ్లే లేరనుకుంటే పొరపాటు. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (ప్రభుత్వ భూములను చూసే ఫెడరల్ సంస్థ) భూముల్లో మామూలుగా 28 రోజుల్లో 14 రోజులకు మించి ఒకేచోట ఉండనివ్వరు. వాగుకైనా చెరువుకైనా 200 అడుగుల దూరంలో దిగడం మంచిది. కాలకృత్యాలకు 6 నుంచి 8 అంగుళాల లోతు గొయ్యి తవ్వి, తర్వాత పూడ్చాలి. (చిన్న పార ఇంట్లో మర్చిపోతే ఆ టెన్షన్ వేరు!) చెత్తబుట్టలుండవు, కాబట్టి తెచ్చిందంతా తిరిగి మోసుకెళ్లాల్సిందే. మంటలపై నిషేధం ఉందేమో ముందే కనుక్కోవాలి. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి కలియబెట్టి, బూడిద చేతికి చల్లగా తగిలేదాకా అక్కణ్నుంచి కదలకూడదు.

పిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లకు నేనైతే క్యాంప్‌గ్రౌండే చెబుతాను. నీళ్లు, చెత్త, నిప్పు సొంతంగా చూసుకోగలమన్న ధీమా వచ్చాక రెండోది.