విశాఖ అన్నారు, కృష్ణపట్నంలో దింపారు, అయినా నాలుగు స్టార్లు

ముందే చెప్పేస్తున్నా. చెన్నై నుంచి విశాఖకు తెరచాప యాట్‌లో తీసుకెళ్తామని టికెట్ ఇచ్చి ఈ యాట్ కంపెనీ వాళ్లు మమ్మల్ని కృష్ణపట్నంలో దింపేశారు, అయినా నేను నాలుగు స్టార్లు ఇస్తున్నా. మాతో వచ్చినవాళ్లు కొందరు ఒక్క స్టార్ ఇచ్చి మోసం అని రాశారు, అది చదివాక ఊరుకోలేక రాస్తున్నా.

అక్టోబర్ చివర బయల్దేరాం. కృష్ణపట్నం ఎదురుగా వచ్చేదాకా, అంటే సుమారు 70 నాటికల్ మైళ్లు (130 కిలోమీటర్లు), హాయిగా సాగింది. మైపాడు దాటి ఇసకపల్లి వైపు పోతుంటే ఈశాన్యం గాలి పెరిగింది, మేం పోవాల్సిందీ అటే. తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురు పోవడం కుదరదు, కాసేపు ఇటు కాసేపు అటు వాలుగా పోవాలి, దాంతో దారి పెరుగుతుంది, పైగా కెరటాలన్నీ ముందు నుంచే కొడతాయి. పడవలో పనిచేసే జువ్వలదిన్నె కుర్రాడు దూరంగా చెయ్యి చూపించి, "అన్నా, ఆడ నీళ్లు తెల్లబడతా ఉండాయి చూడు, కాసేపట్లో ఆ గాలి మన మీదికి వస్తాది" అన్నాడు. అన్నట్టే వచ్చింది.

కెప్టెన్ అప్పటికే గాలి పీడనం చూపించే బారోమీటర్ పడిపోవడం చూశాడు, అంటే వాతావరణం చెడబోతోందని గుర్తు. వాతావరణ శాఖ హెచ్చరిక కూడా వచ్చింది, గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల గాలి, ఒక్కోసారి 65 దాకా, మత్స్యకారులు వేటకు వెళ్లొద్దు అని. ఆయన అందర్నీ పిలిచి మ్యాప్ పరిచి వెనక్కి తిప్పుతున్నాం అని చెప్పాడు. ఒంగోలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "ఒడ్డు పక్కనే ఉంది కదా సార్, ఎక్కడో ఒకచోట ఆపండి" అన్నారు. మాకూ అదే అనిపించింది. కానీ గాలి ఒడ్డు వైపే తోస్తోంది, ఆ టైంలో ఇంజిన్ ఆగితే పడవ పోయి ఇసుకలో కూరుకుపోతుంది, నది మొగల దగ్గరైతే ఇసుక మేటల మీద కెరటం విరిగి పడుతుంది, అందుకే లోతైన దారీ, కెరటాల్ని ఆపే గట్టు అంటే బ్రేక్‌వాటరూ ఉన్న రేవే కావాలి, అదీ చీకటి పడకముందే తిరగాలి అని కెప్టెన్ ఓపిగ్గా చెప్పాడు. 1989 నవంబర్ తుపాను చూసిన కావలి వాళ్లం మేం, ఈ మాట మాకు రెండోసారి చెప్పక్కర్లేదు.

పడవ తిరిగాక గాలి మా వెనక నుంచి వీచింది, ఊపు మాత్రం తగ్గలేదు. వెనక కెరటం ఎత్తినప్పుడు తెరచాప కింద ఉండే పొడవాటి దుంగ ఒక్కసారిగా ఇటు నుంచి అటు తిరిగి తలకు తగిలే ప్రమాదం ఉంటుందట. ఆ కుర్రాడు దానికి తాడు కట్టి, ముందుకు లాగి ముడి వేసి, లాగి చూసి, మళ్లీ ఇంకో ముడి వేశాడు. తర్వాత పెద్ద తెరచాపను సగానికి పైగా దించి చుట్టారు. లైఫ్ జాకెట్లు అందరికీ వాళ్లే బిగించారు, పిల్లలకైతే బకిల్ రెండుసార్లు చూశారు. కృష్ణపట్నం లైట్‌హౌస్ కనబడ్డాక కెప్టెన్ వీహెచ్ఎఫ్ రేడియోలో పోర్టు వాళ్లతో మాట్లాడి, ఒక పెద్ద ఓడ బయటికి వచ్చేదాకా ఆగి, అనుమతి వచ్చాకే లోపలికి తీసుకెళ్లాడు. బ్రేక్‌వాటర్ దాటగానే ఊపు ఆగిపోయింది, అప్పటిదాకా వాంతులతో పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు. ఆ రాత్రే వ్యాన్ పెట్టి అందర్నీ నెల్లూరు స్టేషన్ దగ్గర దించారు, ఆ ఖర్చు కూడా వాళ్లదే.

ఇక ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, వీళ్ల ఆఫీసు. డబ్బు సంగతి అడిగితే వాతావరణం మా చేతిలో ఉండదు, ఇంకోసారి రండి అన్నారే తప్ప మిగిలిన దూరానికి ఎంత తిరిగిస్తారో చెప్పలేదు. గాలి చేతిలో లేదు, నిజమే. కానీ తుపాన్ల కాలంలో టికెట్ అమ్మేటప్పుడు మధ్యలో ఏ రేవులో దిగాల్సి రావచ్చు, అప్పుడు ఎంత డబ్బు వెనక్కి వస్తుంది అన్నది టికెట్ మీదే తెలుగులో వేయడం వాళ్ల చేతిలోనే ఉంది కదా. ఆ రెండు లైన్లు ఉంటే మోసం అనే మాటే వచ్చేది కాదు.

మేం జనవరి తర్వాత సముద్రం నెమ్మదించాక మళ్లీ వెళ్దామనుకుంటున్నాం, అదే కెప్టెన్ ఉంటాడా అని అడిగాకే బుక్ చేస్తాం. వెళ్లేవాళ్లు వాంతుల మాత్ర పడవ ఎక్కే ముందే వేసుకోండి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు.