సాల్వడార్‌లో 180 రెయాల్స్ టోపీ, 18 రెయాల్స్ అలసంద వడ

బ్రెజిల్‌లో సాల్వడార్ వెళ్ళే ఆలోచన ఉంటే ముందే చెబుతున్నా, పెలోరిన్యో అనే పాత ఊరు చూడటానికి గైడెడ్ టూర్ తీసుకోకండి. మనిషికి 180 రెయాల్స్, అంటే మన డబ్బుల్లో 2,800 దాకా. ముగ్గురం కలిసి 540 సమర్పించుకున్నాం. బ్రోచర్ మీద పెద్ద ఫోటో సావో ఫ్రాన్సిస్కో చర్చిదే, లోపలంతా బంగారు రేకు తాపడం. ఆ చర్చి పైకప్పు 2025 ఫిబ్రవరిలో కూలి ఒక టూరిస్టు చనిపోయింది, దాంతో మూసేశారు. మేం వెళ్ళింది జూలైలో. ఆ సంగతి టూర్ వాళ్ళకి తెలియదా? వానలో గేటు ముందు నిలబెట్టి చరిత్ర చెప్పాడు గైడు, డబ్బు సంగతి ఎత్తితే "బయటి నుంచి చూశారుగా" అని నవ్వాడు. బావ మాట్లాడటం మానేశాడు. టూర్ ఎంచింది అక్క కాబట్టి తనూ నోరెత్తలేదు.

అంతకంటే ఒళ్ళు మండే విషయం, పక్క వాలులోనే ఉన్న నీలం రంగు రోజారియో దోస్ ప్రెతోస్ చర్చిని చేత్తో చూపించి లాక్కుపోయాడు. అది బానిసలు కూడా ఉన్న నల్లవాళ్ళ సంఘం 1704లో మొదలుపెట్టి యజమానుల పని అయ్యాక మిగిలిన వేళల్లో దశాబ్దాల పాటు కట్టుకున్న గుడి. మేమే సాయంత్రం వెనక్కి వెళ్ళాం. మంగళవారం కావడం అదృష్టం, ఆ రోజు పూజలో డప్పులుంటాయి. క్రైస్తవ పాటే, కానీ దరువు ఆఫ్రికాది, జనం రొట్టెల బుట్టలు పట్టుకుని ఊగుతూ నడిచారు. టూర్‌లో చూపించాల్సింది ఇది కదా!

1549లో పుట్టిన సాల్వడార్ 1763 దాకా పోర్చుగీసు బ్రెజిల్‌కి రాజధాని. చక్కెర లిస్బన్‌కి పోయేది. నాసిరకం పొగాకుని తాడులా పేని, చెరకుపాకం మడ్డి పూసి పశ్చిమ ఆఫ్రికాకి పంపి, దానికి బదులు మనుషుల్ని తెచ్చేవాళ్ళు. గోవా నుంచి తిరిగెళ్ళే ఓడలు కూడా ఇక్కడ ఆగేవి, మన నూలు బట్టలు దిగేవి. ఈ లెక్కంతా గైడు రెండు ముక్కల్లో తేల్చేసి చక్కెర వ్యాపారుల మేడల దగ్గర మాత్రం అరగంట నిలబెట్టాడు.

బావ మూడ్ మారింది మాత్రం తిండితోనే. తెల్ల గౌను, తలపాగాతో వీధిలో కూర్చున్న ఒకావిడ దగ్గర అకరాజె, 18 రెయాల్స్. పొట్టు తీసిన అలసందలు రుబ్బి, ఉల్లిపాయ వేసి, ఎర్రటి పామాయిల్‌లో వేయించిన వడ. మధ్యలోకి చీల్చి ఎండు రొయ్యలు, బెండకాయ కూర, కారం కూరుతుంది. బావది నరసాపురం, బెండకాయ ఎండు రొయ్యలంటే ప్రాణం. మొదటి ముద్దకే "ఇది మనదేరా" అన్నాడు, రెండోది చెప్పి మూడోదానికి చెయ్యి చాపాడు. ఆఫ్రికా నుంచి వచ్చిన వంట అని నేను చెబితే వినిపించుకుంటేగా. శాకాహారులు జాగ్రత్త, రొయ్యలు వద్దన్నా ఆ లోపలి ముద్దల్లో రొయ్యల పొడి ఉంటుంది, వడ ఒక్కటే అడగండి.

ఇక్కడి కార్నివాల్ బృందాల్లో గాంధీ పేరుతో ఒకటుంది, 1949లో రేవు కూలీలు పెట్టింది, తెల్ల తలపాగాలు, నీలం పూసలు. అక్క దండ బేరమాడి 20కి కొంది.

బస పెలోరిన్యోలో వద్దు, రాత్రి ఒకటే మోత. పక్కనే సాంతో ఆంతోనియోలో చూసుకోండి, మాకు గది 260 పడింది, టిఫిన్ అందులోనే.